నీరు పోయే కన్నం

టెక్కలిలో గ్రానైటు పాలిష్ షెడ్ల వెనకాల
బిసాయి వెల్డింగు కొట్టు.
బండి కిందకి దూరి, స్క్రూడ్రైవరుతో
ఒక్క పోటు పొడిచాడు.
పిడి దాకా దిగిపోయింది.
"రేకు కాదన్నా ఇది, మాడిన అట్టు" అన్నాడు.
ఎర్రటి పొడి అతని కనుబొమల మీద రాలింది.
నేను తల తిప్పుకున్నాను,
ఇంట్లో మనిషిని డాక్టరు చొక్కా విప్పమన్నప్పుడు
తిప్పుకున్నట్టు.

పదిహేడేళ్ల పికప్.
భావనపాడు ఒడ్డు నుంచి నౌపడ ఉప్పుమడుల మీదుగా
రోజూ తెల్లారగట్ట
ఐసు, చేపలు, ఐసు కరిగిన నీళ్లు.
ఇనుము ఇన్నేళ్లు ఎలా ఓర్చుకుందో
ఆ మడుల్లో దిగి ఉప్పు లాగే
ఆడవాళ్ల పాదాలని అడగాలి.

లెక్క కాగితం మీద కాదు,
బానెట్ దుమ్ములో వేలితో రాశాడు.
తొట్టి అడుగు కోసి కొత్త రేకుకి పద్దెనిమిది వేలు.
ఛాసిస్ అతుకులు తొమ్మిది.
తలుపులు రెండూ ఆరు. రంగు నీ ఇష్టం.
దానికి కాస్త ఎడంగా,
పాత ఇనుము కొట్టువాడు ఇచ్చేది: డెబ్బై.
నెల తిరిగితే ఎఫ్.సి.

బావమరిది దాలయ్య ఫోన్లో అంటాడు:
"ఒగ్గీ. ఫైనాన్సులో కొత్తది తీసీ.
దానికి సొమ్ము పెట్టడమంటే
పీతకి చెప్పులు కుట్టించినట్టే."
ఎర్రమ్మ ఏమీ అనలేదు.
పొద్దున్న చీటీ పుస్తకం తెచ్చి
స్టీరింగు మీద పెట్టి పోయింది.
ఇంకా పాడని చీటీ ఒక్కటే ఉంది అందులో.
వల, శ్లాబు, చిన్నదాని నర్సింగు ఫీజు
ముందే వరసలో నిలబడి ఉన్నాయి.

బండికి మనసుంటుందని నేననను.
తుఫాను రాత్రి ఐసు ఫ్యాక్టరీ గోడ చాటున నిలబెట్టి
తొట్టి నిండా ఇసుక బస్తాలేసి
లోపల నేనూ, మైలపల్లి సింహాద్రీ, ఎవరిదో మేకా.
తెల్లారితే గోడ లేదు.
బండి ఉంది.
మేక సీటు కవరు తింటోంది.
దీనికి రుణపడ్డానా అంటే,
ఏమో, ఇసుకకే రుణపడ్డానేమో.

బిసాయి బయటికి పాకి వచ్చి ముక్కు తుడుచుకున్నాడు.
"అడుగున నీరు పోయే కన్నాలు నాలుగుండాలి కదా.
ఎవుడు మూసేసినాడు?"

నేనే.
ఆరేళ్ల కిందట మార్కెట్టు దగ్గర
రోడ్డంతా నీసునీళ్లు కారుస్తున్నావని
కానిస్టేబులు మూడొందలు రాస్తే,
ఆ సాయంత్రమే పాత చెప్పు రబ్బరు కోసి
నాలుగింటికీ బిరడాలు కొట్టాను.
ఎంత బాగా కొట్టానంటే
ఒక్క చుక్క జారలేదు.
బండి వెనకాల పరిగెత్తే కుక్కలు
రెండు రోజులు చూసి మానేశాయి.
నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయాయి?

సముద్రాన్ని తిట్టాను. ఉప్పుగాలిని తిట్టాను.
కంపెనీవాడి పలచటి రేకుని,
వాడి తాతని తిట్టాను.
ఒక్కసారీ ఆ చెప్పు గుర్తుకు రాలేదు.

అవతల రాయి కోసే యంత్రం ఆగింది.
తెల్లటి రాతినీళ్లు కాలవలో
తమ పాటికి తాము పోతున్నాయి.
బిసాయి చెంప గోక్కుంటూ నిలబడ్డాడు.

"తలుపులొద్దు. రంగొద్దు.
అడుగు కొయ్యి, ఛాసిస్ చూడు.
కన్నాలు నాలుగు కాదు, ఆరు పెట్టు."

"మరి పోలీసోడు?"

"మూడొందలే కదా."

ఇంటికి బస్సులో వస్తున్నాను.
నౌపడ మడుల మీద ఎండ కళ్లలో గుచ్చుకుంటోంది.
ఈ నెలే చీటీ పాడితే ఎంత నష్టమో
వేళ్ల మీద లెక్కేస్తున్నాను.
ఇరవై ఏడు వేల సంగతి ఎర్రమ్మకి
గుమ్మంలోనే చెప్పేస్తాను.
బిరడాల సంగతి
అన్నం తిన్నాక ఆలోచిస్తాను.